మూడో భాగంలో పోయిన మనిషి

ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు. ఇప్పుడు అందరికీ ఆమె బీరువా. వేల టేపుల్లో ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదని ఒకాయన మెచ్చుకుంటూ పెట్టిన పేరది. లోపల పడింది ఏదీ బయటికి రాదని ఇంకొకాయన వెటకారంగా ఖాయం చేశాడు. రెండూ నిజమే. రెండోది ఎంత నిజమో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా టేపుల గది ఖాళీ చేయాలి. పాత టేపులన్నీ తుక్కు బండి ఎక్కుతాయి. ఛానెల్ కొత్తగా పెడుతున్న యాప్ కోసం, అప్పట్లో ఎవరూ పట్టించుకోక మరుగున పడ్డ మంచి సీరియళ్ళు పదింటిని మాత్రం ఏరి ఉంచుతారట. పదంటే పదే. పదకొండోది ఎంత గొప్పదైనా బండి ఎక్కాల్సిందే! మధ్యాహ్నానికి తొమ్మిది తేలాయి. మిగిలిన ఆ ఒక్క చోటు కోసం బీరువా ఒళ్ళో పెట్టె పెట్టుకుని సమావేశం గది బయట కూర్చుంది. పెట్టె మీద 'రెండో తాళంచెవి' అని ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె సొంత అక్క తీసిన సీరియల్ అది. ఎనిమిది వారాలు వచ్చి ఆగిపోయింది. పూర్తిగా ఉన్న టేపులు ఈ పెట్టెలోవే, ఇవి పోతే ఇక లేనట్టే.

లోపల కూర్చున్నది ఇద్దరు. ఒకరు ప్రోగ్రామ్ హెడ్డు, వయసులో చిన్నవాడు, ప్రతి సీరియల్‌కూ పాత రేటింగు కాగితం చూసి పెదవి విరిచే మనిషి. రెండో ఆయన కత్తెరగారు. ముప్ఫై ఏళ్ళు పేపర్లో సీరియళ్ళ మీద సమీక్షలు రాసి, రాయడం మానేశాక సలహాదారు పేరుతో ఇక్కడ కుర్చీ వేసుకున్న విమర్శకుడు. ఆయన రాసింది చదివి సీరియల్ చూసినవాళ్ళకన్నా చూడడం మానేసినవాళ్ళే ఎక్కువ. అక్క సీరియల్‌ను తుంచింది కూడా ఆ కత్తెరే.

"రండి బీరువాగారూ. మీ సిఫారసు ఏంటి?" అన్నాడు హెడ్డు.

బీరువా సీరియల్ పేరు చెప్పగానే హెడ్డు ఫకాలున నవ్వాడు. ప్రతి సీరియల్‌కూ అప్పటి విమర్శ ఒకటి చదివి, ఇప్పటికి అది నిలుస్తుందా లేదా అని తూచడం అక్కడి పద్ధతి. ఫైలులోంచి పసుపుబారిన పేపరు ముక్క తీసి గొంతు సవరించుకున్నాడు.

"'మూడో భాగంలో కన్నుమూసిన తండ్రి నాలుగో భాగంలో మారు కూర వేయించుకుంటాడు. ఆరో భాగంలో కూతురి మీద కేకలేస్తాడు. చావంటే తెలియని దర్శకురాలు బతుకు గురించి ఏం తీస్తుంది? పైగా ఆ మాటలు ఏ భాషో! తెలుగు సరిగా రానివాళ్ళు తెలుగు సీరియళ్ళు తీస్తే ఇలాగే ఉంటుంది.' అబ్బ! గట్టిగానే వడ్డించారు సార్!"

కత్తెరగారు నవ్వలేదు. బీరువా తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

అసలు జరిగింది ఇది. అక్క మహా మొండిది. టేపు పెట్టెల మీదా, ప్రతి భాగం మొదట్లో కెమెరాకు చూపించే పలక మీదా సంఖ్యలు తెలుగు అంకెల్లోనే రాసేది. "మన అంకెలు మనం వాడకపోతే ఇంకెవడు వాడతాడే?" అని దబాయించేది. బీరువా అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. మొదటి ఆరు భాగాలు కాపీ తీసి, అందరూ చదవగలిగే 1, 2, 3లతో చీటీలు అతికించి, సమీక్ష కోసం పేపరాఫీసుకు పంపే పని ఆమెది. ౩, ౬ చూశారా? కవల పిల్లలు! తోకలు చెరో పక్కకు తిరుగుతాయి, అంతే తేడా. ఎక్కాలన్నీ 1, 2, 3లతో వల్లించిన పిల్లకు ఆ తోకలేం తెలుస్తాయి? ఆరుకు మూడు చీటీ, మూడుకు ఆరు చీటీ అతికించి పంపేసింది. ఆరో భాగంలో తండ్రి చనిపోతాడు. కత్తెరగారు దాన్ని మూడోదనుకుని చూశారు.

సమీక్ష అచ్చయిన రోజే టేపులు తిరిగొచ్చాయి. మూడో నంబరు టేపు పెట్టి చూసేసరికి ఆరో భాగం వచ్చింది, తన పొరపాటు బీరువాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రమే అక్క పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"టేపులు వరసగానే పంపావా?"

"వరసగానే పంపానక్కా."

ఒక్క మాట. ఉద్యోగం పోతుందన్న భయంతో నోటికొచ్చిన ఒక్క మాట. అక్క నమ్మింది. తోబుట్టువు కళ్ళలోకి చూసి అబద్ధమాడుతుందని ఏ అక్క అనుకుంటుంది? మూడో భాగంలో తండ్రి కుర్చీలో కునుకు తీసే షాటు ఒకటుంది. ఆ నిద్రే కత్తెరగారికి చావులా కనిపించిందని, తర్వాతి కేకల్ని ఆయన పొరపాటున ఆరో భాగంలో కలిపేశాడని అక్క తీర్మానించుకుంది. "నిద్రపోయేవాణ్ణి శవంలా తీశానంటే నాకీ పని రానట్టేగా," అంది. సీరియల్‌ను మధ్యాహ్నం పూటకు తోసేశారు, ఎనిమిదో వారానికి ఆపేశారు. ఆఫీసులో అక్కకు దయ్యాల డైరెక్టరని పేరు పడింది. మళ్ళీ కథ జోలికి పోలేదామె. మంటలార్పే సిలిండర్లు ఎలా వాడాలో ఫ్యాక్టరీ కార్మికులకు చూపించే వీడియోలు తీసి బతుకుతోంది. ఆ తప్పుడు చీటీలను బీరువా చింపలేదు, ఆ ఆరు టేపులనూ పారేయలేదు. అట్టడుగు అరలో వెనక్కి తోసి, ముందు వేరే పెట్టెలు పేర్చింది.

"చూడమ్మా," అన్నారు కత్తెరగారు, "దర్శకురాలు మీ అక్క అని తెలుసు. రక్తసంబంధం ఉంటే సిఫారసు అయిపోదు."

"మీరు ఒక్కసారి మళ్ళీ చూడండి సార్. పొద్దుట్నుంచి మీరే రెండు సీరియళ్ళ మీద మాట మార్చుకున్నారుగా."

"మార్చుకున్నాను. నర్సుల సీరియల్‌ను నత్తనడక అన్నాను. ఆ నిదానమే దాని అందమని ఇవాళ ఒప్పుకున్నాను. రాసిందల్లా వేదమని నేననను. కానీ నత్త నడవడం వేరు, చచ్చినవాడు లేవడం వేరు." గడియారం చూసుకున్నారు. నాలుగూ పది. "సరే, నాకు మండింది మూడో భాగం దగ్గరే. అదే పెట్టు."

బీరువా అసలు టేపు తీసి యంత్రంలోకి తోసింది.  బాగుందనిపిస్తే చాలు, ఎందుకు బాగుందో ఆయన అడక్కపోతే చాలు అని లోపల లెక్కలేసుకుంటోంది. పిచ్చి మొహం! అంత సులువైతే పద్దెనిమిదేళ్ళు ఎందుకు మోస్తుంది?

తెర మీద తండ్రి కుర్చీలో నిద్రపోతున్నాడు. కూతురు చప్పుడు కాకుండా వచ్చి అతని చొక్కా జేబులోంచి తాళంచెవి లాగుతోంది. మూడు నిమిషాలు మాటల్లేవు. అతని ఊపిరి, ఆమె వేళ్ళు, అంతే. హెడ్డు ఫోను పక్కన పెట్టేశాడు. తాళంచెవి బయటికొచ్చేసరికి తండ్రి కళ్ళు తెరిచాడు, ఇల్లెగిరిపోయేలా కేకలేశాడు.

"ఆపు," అన్నారు కత్తెరగారు.

ఆయన మొహం కందిపోయింది. "నేను చూసింది ఇది కాదు. ఆ మూడో భాగంలో మంచముంది, డాక్టరున్నాడు, మనిషి పోయాడు. నాకు మతిపోలేదు! సమీక్ష చూసి మీ అక్క మళ్ళీ తీసి, పాత తేదీ వేసి ఇక్కడ పెట్టించిందన్నమాట. ఎందుకు? నేను చూడకుండా రాశానని లోకాన్ని నమ్మించడానికి!"

"లేదు సార్, అక్కకేం తెలియదు..."

"మరి టేపు దానంతటదే మారిందా? హెడ్డుగారూ, రాసుకోండి. మార్చిన టేపులతో మోసం. ఇది యాప్‌లోకి రావడం మాట అటుంచండి, ఆ మనిషి మన గేటు దాటకూడదు. ఆమెకు పనిచ్చే సిలిండర్ల కంపెనీ పెద్దాయన నాకు తెలుసు, ఆయనక్కూడా ఒక మాట చెబుతాను."

హెడ్డు పెన్ను తీశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే, పని రానిదని పేరు పడ్డ అక్క ఇప్పుడు దొంగ కూడా అవుతుంది. ఉన్న కూడూ పోతుంది. నోరు తెరిస్తే తానేమిటో అక్కకు తెలుస్తుంది. ఉద్యోగం గురించి బీరువాకు ఇప్పుడు దిగుల్లేదు, టేపుల గదితో పాటు ఎలాగూ పోయేదే. భయమల్లా అక్క గురించే. వారం వారం ఆ ఇంటికెళ్ళి, ఆ చేతి అన్నం తిని, కత్తెరను కలిసి తిట్టుకున్నారు కదా ఇద్దరూ! ఆ తిట్లన్నీ ఇప్పుడు ఒక్కసారిగా ఆమె చెవుల్లో మోగాయి.

"రాయకండి," అంది బీరువా. హెడ్డు పెన్ను ఆగలేదు. మళ్ళీ అంది, "రాయకండి సార్. మార్చింది అక్క కాదు. నేను."

చెప్పింది. అంకెలూ చీటీలూ అబద్ధం, అన్నీ చెప్పింది. కత్తెరగారు నమ్మలేదు. "అక్కను కాపాడుకోవడానికి కట్టుకథలా?" అన్నారు. బీరువా లేచి టేపుల గదికి పరిగెత్తింది. తుక్కు బండి వాళ్ళు అప్పుడే వచ్చి, అట్టడుగు అరల నుంచే పెట్టెలు తోపుడుబండి మీదికి ఎత్తుతున్నారు. ఆమె పెట్టె అక్కడ లేదు! తోపుడుబండి మీద పడి, ఎత్తిన పెట్టెలన్నీ కిందికి లాగింది. "ఏంటమ్మా ఇది, మళ్ళీ మేమే ఎత్తాలి!" అని వాళ్ళు అరుస్తున్నా వినలేదు. ఏడో పెట్టె అదే. చీర కుచ్చిళ్ళకు దుమ్ము, మోచేతికి గీత, ఒగరుస్తూ తిరిగొచ్చి, '3' అని తన చేత్తో రాసిన చీటీ ఉన్న టేపును కత్తెరగారి ముందు పెట్టింది.

తెర మీద ముందు పలక కనిపించింది. దాని మీద సుద్దతో పెద్దగా: ౬. తర్వాత మంచం, డాక్టరు.

"ఇదే నేను చూసింది," అన్నారు కత్తెరగారు, గెలిచినట్టు. "పలక మీద కూడా మూడనే ఉందిగా!"

"అది ఆరు సార్."

 ఆయన కళ్ళద్దాలు సర్దుకుని తెర దగ్గరికెళ్ళారు. అసలు మూడో భాగం మళ్ళీ పెట్టించి ఆ పలకా చూశారు. వేలితో గాలిలో రెండు అంకెలూ గీసుకున్నారు. హెడ్డు గుట్టుగా ఫోనులో వెతికి, "ఆరే సార్," అని గొణిగాడు.

కత్తెరగారు కూలబడ్డట్టు కూర్చుని పేపరు ముక్క తన ముందుకు లాక్కున్నారు. చివరి వాక్యం మీద వేలు ఆగింది. "తెలుగు సరిగా రానివాళ్ళు," అని చదివి తలెత్తారు. "నాకూ రాదమ్మా. ఆరు పలకలు చూశాను ఆ రోజు. అంకె తెలియక దాటేశాను, అడగడానికి నామోషీ. ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది."

నాలుగూ నలభై అయింది. బండి వాడు తలుపు తట్టాడు. "ఉండవయ్యా!" అని కసిరి, కత్తెరగారు మూడో భాగం చివరిదాకా చూశారు. జాబితాలో పదో వరసలో 'రెండో తాళంచెవి' అని తన చేత్తో రాశారు.

"ఈ వారం పేపర్లో మళ్ళీ రాస్తాను. నా తప్పు రాస్తాను, నీ తప్పూ రాస్తాను. ఈలోగా మీ అక్కకు నువ్వే చెప్పుకో."

"జరిగింది నాకు రాతపూర్వకంగా ఇవ్వండి," అన్నాడు హెడ్డు. "ఏం చేయాలో పైవాళ్ళు చూస్తారు."

"ఇస్తాను. ఒక్క మాట సార్," అంది బీరువా, కత్తెరగారి వైపు తిరిగి. "ఆ కుర్చీలో ఆయన... పోయినట్టు కనిపించాడా?"

"ఎందుకు కనిపిస్తాడు?" అన్నారాయన ఆశ్చర్యంగా, ఆ భాగంలో తనకు నచ్చిందీ నచ్చనిదీ చెప్పుకొచ్చారు.

వరండాలో నిలబడి ఫోను చేసింది. అవతల ఫ్యాక్టరీ మోత. అక్క మోతకు దూరంగా జరిగి, "చెప్పవే," అంది. బీరువా చెప్పింది. సాకులు వెతకలేదు, ఏడుపు మధ్యలో అడ్డొచ్చినా ఆపలేదు. "నువ్వడిగినప్పుడు నాకు తెలుసక్కా. తెలిసే అబద్ధం చెప్పాను," అంది.



"ఆయన చూపు చెడ్డదనుకునుంటే కోపంతోనైనా బతికేదాన్ని," అంది అక్క. "నా చెయ్యి చెడ్డదనుకుని బతికాను. ఆ కుర్చీ షాటు రోజూ నా కళ్ళ ముందు మళ్ళీ తీసుకున్నానే నేను. దీపం అటు పెట్టాల్సింది, కెమెరా ఇటు జరపాల్సింది అని. పద్దెనిమిదేళ్ళు! పక్కన కూర్చుని అన్నం తింటూ చూశావు కదే నువ్వు!"



"ఇప్పుడు మూడో భాగం చూశాడా ఆయన?" అని అక్కే మళ్ళీ అడిగింది.

"చూశారక్కా."

"ఏమన్నాడు?"

"సంగీతం ఎక్కువైందన్నారు. రెండో సగం సాగిందన్నారు."

"సాగింది. నిజమే." అంది అక్క. "ఆ మాట అప్పుడే అనుంటే తర్వాతి దాంట్లో దిద్దుకునేదాన్ని. మరి కుర్చీ?"

"నిద్రపోతున్నవాడు నిద్రపోతున్నట్టే ఉన్నాడన్నారు. ఆ ఊపిరికి తనకూ ఊపిరాడలేదన్నారు."

ఫోనులో ఫ్యాక్టరీ మోత మధ్య వెక్కిళ్ళు వినిపించాయి. అక్క ఏడుస్తోందని బీరువాకు అర్థమైంది. కింద వాకిట్లో తుక్కు బండి ఇంజను స్టార్టయింది.

"ఈ ఆదివారం మా ఇంటికి రాకు," అంది అక్క, ముక్కు చీదుకుని. "వచ్చే ఆదివారం సంగతి కూడా నాకు తెలీదు. ఆ టేపులు మాత్రం నువ్వు ముట్టుకోకు. రేపు నేనే వచ్చి చీటీలు రాస్తాను."

"ఏ అంకెలతో రాస్తావక్కా?" నోరు జారింది.

"నువ్వు చదవలేని అంకెలతోనే," అని అక్క ఫోను పెట్టేసింది.