ముందు ముప్పై అడుగుల తూకం

మా అత్తగారు ఆదివారం నుంచి గాలం మానేస్తానన్నారు. తన కర్రని గాలం క్లబ్బులో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేస్తారట. రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపిన మనిషి. స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడ్డ భుజాలు ఆవిడవి. అలాంటావిడ "నా చెయ్యి పోయిందమ్మాయ్" అని మెల్లగా అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, మా ఆయన మీద.

ఆవిడది వానపాము గుచ్చి ఒడ్డున కునికే గాలం కాదు. ఈకలతో కట్టిన దొంగ ఈగని నీటి మీదకి విసిరే గాలం. ఈగకి బరువుండదు కదా, విసరడానికి కావలసిన బరువంతా లైనులోనే, అంటే కర్రకి కట్టే లావుపాటి దారంలోనే ఉండాలి. కర్ర మీద ఒక నంబరుంటుంది, లైను కూడా అదే నంబరుది కావాలి. అత్తగారిది ఆరు, మా ఆయనది నాలుగు. ముందు మొదలుపెట్టింది ఆవిడే. మా ఆయన వెనకాల చేరి, ఏడాది తిరక్కుండా గురువైపోయాడు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే మా ఇంట్లో చూడాలి.

ఈ ఎండాకాలం ఆవిడ ఎంత విసిరినా లైను కాళ్ళ దగ్గరే కుప్పగా పడుతోంది. ఆయనది మాత్రం రివ్వున పోతోంది. ఇంక చెప్పాలా! భోజనం దగ్గర చెంచాతో, మంచం మీద దువ్వెనతో విసిరి చూపించడమే పని. తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. డాక్టరు భుజం నొక్కి, తిప్పి, "నాకేం కనపడలేదు, వయసు కదండీ" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని ఆవిడ వారం రోజులు సరిగ్గా తినలేదు.

శనివారం మా ముందుగదిలో, అంటే నా బ్యూటీ పార్లర్‌లో, ఆవిడ జుట్టుకి రంగు వేస్తున్నాను.

"భుజం లాగుతోందా అత్తయ్యా?"

"లాగితే బాగుండేదమ్మాయ్, మందు రాసుకునేదాన్ని. నొప్పే లేదు. ఎంత ఊపినా ఆ కర్ర వంగదు, అంతే."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. కర్ర వంగితేనే లైను దూరం పోతుంది, దాన్ని వంచేది లైను బరువే కదా! ఎండలు మొదలైనప్పుడు మా ఆయన లైన్లు చుట్టే రెండు రీళ్ళనీ వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి తోమాడు. వాటికి అంటించిన నంబరు కాగితాలు ఊడి నీళ్ళలో కలిసిపోయాయి. రెండు రీళ్ళూ ఒకేలాంటివి, రెండు లైన్లూ ఒకే పచ్చరంగువి. "చేత్తో పట్టుకుంటే చెప్పెయ్యనా?" అని ఏది ఎవరిదో ఆయనే తేల్చేశాడు.

"ఏమండీ, ఆ రీళ్ళు రెండూ ఇలా పట్టుకురండి. తూచి చూద్దాం."

"నా చేతి మీద నీకు నమ్మకం లేదా?"

"మీ చేతి మీద ఉంది. నోటి మీదే లేదు."

రంగులు కలిపే తూకం నా దగ్గరుంది, గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. ఎలా తూచాలో మాత్రం ఆయనకి తెలుసు, కాదనను. ముప్పై అడుగులు కొలిచి తూచాలట. నాలుగో నంబరు ఎనిమిది గ్రాములకి కాస్త తక్కువ, ఆరో నంబరు పదిన్నర దాకా తూగుతుందట. లైను మొత్తం లాగి నేల మీద పోసి, రీలు దగ్గర ముడి విప్పి, చేతికొచ్చిన ఆ కొస నాకిచ్చాడు. టేపుతో కొలిచి గిన్నెలో చుట్టాను. మిగతా లైను గిన్నెని లాగకుండా ఆయన దాన్ని ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. ఆ కాసేపూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఐదు గ్రాములు. రెండోది కూడా ఐదు దగ్గరే ఆగింది.

"చూశావా! రెండూ ఒకటే. లైనులో తేడా లేదు, అమ్మ చేతిలోనే..." అని తల్లి మొహం చూసి ఆగిపోయాడు. అత్తగారు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. "ఎనిమిదీ లేదు, పదిన్నరా లేదు. ఇంతకీ ఇది ఏ నంబరు?"

"రెండో నంబరవ్వాలి," అన్నాడు.

"మనింట్లో రెండో నంబరెక్కడిది? చీమల్ని పడతారా దాంతో?"

అత్తగారు వంగి గిన్నెలోని లైనుని వేళ్ళ మధ్య నులిమారు. ఆ లైను పొడవునా వేళ్ళు జారుస్తూ పార్లర్ దాటి, వంటింటిదాకా వెళ్ళి, రెండో కొస పట్టుకుని నిలబడ్డారు.

"ఒరేయ్, లావంతా ఈగ కట్టే ఈ చివర ఉంది. నువ్వు తూచింది తోకరా!"

ఈసారి ముందు ముప్పై అడుగులు తూచాం. అత్తగారి రీలులోది ఏడు పాయింట్ ఎనిమిది గ్రాములు. మా ఆయన రీలులోది పది పాయింట్ నాలుగు. తన లైనుని తల్లికి తగిలించి, తల్లి లైనుతో ఈయన ఎండాకాలమంతా మొనగాడిలా తిరిగాడన్నమాట!

అత్తగారు కుర్చీలో కూలబడి భోరున ఏడ్చేశారు. "చెయ్యి పోయిందనుకున్నానురా. నిజంగా పోయిందనుకున్నా." ఆవిణ్ణి పట్టుకుని నేనూ ఏడ్చాను. ఈలోపు రంగు కడగాల్సిన టైము దాటిపోయింది. కడిగి చూస్తే జుట్టు కాకికన్నా నల్లగా ఉంది.

తడి తలతోనే ఆరో నంబరు లైను ఎక్కించుకుని వీధిలోకి నడిచారు. ఒక్క ఊపుకి కర్ర వంగింది. లైను తిన్నగా సాగి ఎదురింటి గేటు దగ్గర దిగింది. ఆవిడ నవ్వు వీధి చివరిదాకా వినపడింది. తర్వాత మా ఆయన తన లైనుతో విసిరాడు. పాదాల మీదే పడింది.

"నేను నిజంగా బాగుపడ్డాననుకున్నానమ్మా," అన్నాడు.

అత్తగారి మొహం జాలిగా అయిపోయింది. "పోనీ, రేపొక్కరోజుకి నా లైను..."

"వీల్లేదు!" అని అరిచాను. "మీరు ఎండాకాలమంతా ఏడ్చారు. ఆయన ఒక్క ఆదివారం ఏడిస్తే ఏం పోయింది?"

ఆయన నావైపు చూడలేదు. వంగి, పాదాల మీది లైనుని నెమ్మదిగా చుట్టుకుని, "వద్దులే. నాది నాకుండనీ. నువ్వే నేర్పమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్ళి వెనక నిలబడి, కర్ర మీదున్న ఆయన చేతిని తన చేత్తో పట్టుకున్నారు. "నేర్పుతా. ముందు నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాడు. పెళ్ళయ్యాక అది చూడటం నాకు అదే మొదలు.