మామయ్య కారుకి ఏమైంది

పొద్దున్నే మామయ్య ఫోన్ చేశారు. "అల్లుడూ, కారు కదలడం లేదు. నువ్వొచ్చి చూడాలి. అక్కని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లేలోపు నేనక్కడ ఉండాలి," అన్నారు. మామయ్యకి మిగిలిన తోబుట్టువు ఆ పెద్దక్క ఒక్కరే. సరేనని ఫోన్ పెట్టేశాక నాకు అనుమానం మొదలైంది. తన కారు మీద నా చెయ్యి పడితేనే గుడ్డ పెట్టి తుడిచే మనిషి, నన్ను పిలవడమేమిటి?

అసలు సంగతి, ఆయన చూపు మందగించింది. మొన్నామధ్య సొంతింటి గేటునే గుద్దేసి, "గేటు కాస్త ముందుకి జరిగినట్టుంది," అన్నారు. ఇక కారు నడపొద్దని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అత్తయ్య కొడుకు వైపు చూస్తారు. కొడుకు వాళ్లక్క వైపు చూస్తాడు. ఆ అక్క, అంటే మా ఆవిడ, నా వైపు చూస్తుంది. నేను అల్లుణ్ని, నోరు మూసుకోవడమే నా ఉద్యోగం. ఎప్పుడు ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని మాత్రం అందరికీ ఒకటే దడ.

మా ఆవిడా నేనూ బస్సు దిగి వెళ్లేసరికి మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, అప్పుడే డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. టాక్సీ రావాలంటే గంట పడుతుందట అని బావమరిది చెప్పాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాను. లైటు లేదు, చప్పుడు లేదు. హారన్ కూడా పలకలేదు.

"బ్యాటరీ పోయినట్టుంది," అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

బానెట్ లేపి చూస్తే బ్యాటరీ తీగ ఊడి పక్కన పడి ఉంది. దాని కొసకి ఒక జేబురుమాలు నీటుగా చుట్టి ఉంది. తనంతట తాను ఊడిన తీగ జేబురుమాలు చుట్టుకోదు కదా. పైగా అది నాదే!

మా ఆవిడ నా చెవి దగ్గరికొచ్చింది. "అరవకండి. పోయిన ఆదివారం వచ్చినప్పుడు నేనే ఊడదీశాను. నాన్న బండి తీయకుండా ఉంటారని."

బానెట్ లేచి ఉంది కాబట్టి మామయ్యకి మేం కనబడం. వినబడతామన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

తీగ బిగించాను. లైట్లు వెలిగాయి. హమ్మయ్య అనుకుని తాళం తిప్పితే ఇంజిన్‌లో చలనం లేదు. మళ్లీ దిగాను. నా బుర్ర తిరుగుతోంది. ఈసారి బావమరిది నీళ్లు నమిలాడు. జేబులోంచి అగ్గిపెట్టెలో సగమంత నల్లటి ముక్క తీశాడు.

"స్టార్టర్ రిలే, బావా. ఇది లేకపోతే ఇంజిన్ తిరగదు. వీడియో చూసి పీకేశాను. అక్క కూడా చేసిందని నాకేం తెలుసు?"

బానెట్ కిందున్న ఫ్యూజుల పెట్టెలో అదీ పెట్టించాను. ఇప్పుడు ఇంజిన్ గిరగిరా తిరిగింది కానీ అందుకోలేదు. ఇంత ఒళ్లు మండింది నాకు! మరమ్మతుకి వచ్చానా, దొంగల్ని పట్టడానికి వచ్చానా? పక్కనే నిలబడ్డ అత్తయ్య గబగబా లోపలికి వెళ్లి, పిండి అంటుకున్న తాళం చెవి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీ దగ్గరున్నది మారు తాళం బాబూ. దాంతో బండి అందుకోదని ఆయనే ఎప్పుడో తిట్టుకున్నారు. అసలుది పిండి డబ్బాలో దాచాను."

అసలు తాళంతోనూ అందుకోలేదు.

బావమరిది ఫ్యూజుల పెట్టె మళ్లీ తెరిచాడు. "ఇక్కడ ఇంకో గడి ఖాళీగా ఉంది. మూత మీద పెట్రోల్ పంపు అని రాసుంది. ఇది నేను తీయలేదు, బావా."

ముగ్గురూ నా వైపు చూశారు. "నాకేం తెలీదు, పిల్లల మీద ఒట్టు!" అన్నాను. ఒక్క క్షణం నేనే తీసి మరిచిపోయానేమోనని కూడా అనిపించింది.

"అది నా దగ్గరుంది," అన్న గొంతు కారులోంచి వినబడింది.

మామయ్య కిటికీలోంచి చెయ్యి చాపారు. అరచేతిలో చిన్న ఫ్యూజు.

"పోయిన శనివారం నేను బండి నడుపుతుంటే చౌరస్తా దగ్గర ఒక పాప రోడ్డు దాటుతోంది. వాళ్లమ్మ అరుపు వినబడింది కానీ పాప నాకు కనబడలేదు. ఏమీ కాలేదులే. ఇంటికొచ్చి ఇది పీకేశాను. పీకింది ఇదొక్కటే. తర్వాత లైట్లు కూడా ఎందుకు చచ్చాయో నాకే అర్థం కాలేదు. బుర్ర పాడైపోయింది నాకు."

"మరి రోజూ తాళం తిప్పి చూస్తున్నారు కదండీ?" అన్నారు అత్తయ్య.

"మీరు చూడాలని తిప్పాను. నా వల్ల కాదని నా నోటితో అనలేకపోయాను. కారే పాడైందంటే గొడవ లేదు కదా." నా వైపు తిరిగి అన్నారు, "అక్క కోసం పొద్దున్నే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. తీసేటప్పుడు చేత్తో తడిమి తీశాను. పెట్టబోతే ఏ గడిలోదో కనబడలేదు, అల్లుడూ."

బావమరిది ఫ్యూజు పెట్టి బానెట్ మూశాడు. ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. మిగతా ముగ్గురూ వెనక ఎక్కారు.

"ఇక మీరు కారు నడపకండి," అన్నారు అత్తయ్య వెనక నుంచి.

మామయ్య తల తిప్పలేదు. "ఈ మాట ఎవరైనా అంటారేమోనని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నానే," అన్నారు. "పోనియ్యి, అల్లుడూ. అక్క చూస్తూ ఉంటుంది."

నా కళ్లు మసకబారాయి. తుడుచుకుని, రోడ్డు సరిగ్గా కనబడ్డాకే గేరు వేశాను.