చార వంకర పోయిన వారం

మా అత్త సమ్మమ్మ ఎడ్డెమంటే నేను తెడ్డెమంటాను. పదహారేండ్లుగా కొత్తవాడలో ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేస్తున్నాం మరి, ఏదో ఒకటి అనుకోకపోతే పొద్దెట్లా పోతుంది? ఎడమ సగం ఆమెది, కుడి సగం నాది. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో ఆడాలి. ఒకరు ముందుకు ఉరికారా, చార వంకర పోతుంది.

ఈసారి తగువు మా దీప టీకా గురించి. పద్నాలుగు నిండిన ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా సర్కారు దవాఖానలో ఉచితంగా టీకా వేస్తున్నారని ఆశా వర్కర్ హెప్సిబా వచ్చి చెప్పింది. దీపకు సోమవారం పదిహేను నిండుతాయి. ఆలోపే వేయించాలట. అత్త వెంటనే వేయించమంది. అంతే, నేను వద్దన్నాను.

ఊరికే అనలేదు లెండి. టీకా వేస్తే పిల్లలు పుట్టరని నా ఫోన్ నిండా వీడియోలే. అదంతా అబద్ధమనీ, చెయ్యి నొప్పి, కాస్త జ్వరం తప్ప మామూలుగా ఏమీ ఉండదనీ హెప్సిబా ఓపిగ్గా చెప్పింది. నా అసలు భయం వేరు. ఆ క్యాన్సర్ ఆడామగా కలిస్తే అంటుకునే వైరస్ వల్ల వస్తుందని కూడా ఆమే చెప్పింది కదా! పెండ్లి కాని పిల్లకు ఆ టీకా ఏమిటి? మట్టెవాడలో ఉన్న మా ఆడబిడ్డ ప్రేమలత చెవిన పడితే వరంగల్ అంతా చాటింపే. నా బిడ్డను ఎవరైనా ఒక్క మాటంటే నేను తట్టుకోలేను.

మా ఆయన మహిపాల్ మీరిద్దరూ ఏదంటే అదే అని తప్పుకున్నాడు. మీ పంచాయితీ తెగినంక చెప్పండి, చెయ్యి చాపుతానని దీప నవ్వింది.

మూడు రోజులు అత్తకూ నాకూ మాటల్లేవు. నోరు కట్టేసుకుంటే కోపం చేతుల్లోకి దిగుతుంది కాబోలు, దబదబా నేసిపారేశాను. శనివారం పొద్దున చూస్తే ఎర్రచార నా వైపు బెత్తెడు పైకెక్కి కూర్చుంది.

అత్త తిడుతుందనుకున్నాను. తిడితే నాకూ హాయిగా ఉండేది. ఆమె మాత్రం నా వైపు జరిగి పోగుపోగూ విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూనే కట్టమ్మ సంగతి చెప్పింది. కట్టమ్మ ఆమె తోడికోడలు. నేను ఈ ఇంటికి రాకముందే పోయింది. నేను కూర్చునే జాగా ఒకప్పుడు ఆమెదట. నెలసరి కాకుండానే రక్తం పోతుంటే సిగ్గుతో దాచుకుందట, ఒక్క మా అత్తకే చెప్పిందట. దవాఖానకు తీసుకుపోయేసరికి క్యాన్సర్ ముదిరిపోయింది.

"నలుగురేమంటరో అని నేను సుత నోరు మూసుకున్న శోభా," అంది. "గా నలుగురు సావుకొచ్చిండ్రు, తిని పోయిండ్రు. గీ చార తప్పువోతే ఇప్పుకుంటానం. గది ఇప్పుకునేది గాదు బిడ్డా."

నా కండ్లలో నీళ్లు తిరిగాయి. పదహారేండ్లు పక్కనే కూర్చుని ఈ ఒక్క మాట ఎట్లా దాచింది? లేచి దీప ఆధార్ కార్డు వెతికాను.

టీకా అయ్యాక అరగంట కూర్చోబెట్టి పంపించారు. తిరిగొస్తుంటే గల్లీలో నల్లా దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. ఎక్కడికి పోయొచ్చారని పక్కింటి రాయమల్లు భార్య అడిగింది. జ్వరమొచ్చిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. గడపలో నిలబడి అత్త నన్నే చూస్తోంది.

"గర్భసంచి మూతికి క్యాన్సర్ రాకుండ మా దీపకు టీకా ఏపిచ్చుకొచ్చిన," అన్నాను.

బిందెలు పట్టుకుని అందరూ ఇటు తిరిగారు. గల్లీలో ఈ మాటలేమిటని అత్త ఇప్పుడు తెడ్డెం అంటుంది చూడు, అనుకున్నాను.

"ఆ చివరోళ్లకు ఇనరాలే," అంది అత్త. "జర గట్టిగ చెప్పు."