అక్కకు చెప్పని మాట

ఆ దీవిలో ఉన్నది ఒకటే దవాఖానా, ఒకే నర్సు, ఇవాంథియా. ఎవరికి ఏ జబ్బో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే రొట్టెల కొట్టులోనూ, చర్చి మెట్ల మీదా ఆపి ఆరా తీసేవాళ్లు. "వాళ్లనే అడగండి" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో ఆమె బావ స్ట్రాటిస్ పరీక్షల ఫలితం వచ్చింది. క్లోమంలో క్యాన్సర్, బాగా ముదిరిపోయింది. డాక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పి బయటికి వెళ్లాక, స్ట్రాటిస్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"మీ అక్కకి చెప్పకు."

"అదేం మాట బావా! అక్కకి తెలియకపోతే ఎలా?"

"తెలిస్తే నన్ను తిట్టడం మానేస్తుంది. చెయ్యి పట్టుకుని మెత్తగా మాట్లాడుతుంది. అది నావల్ల కాదు. ఈ చలికాలం ఎప్పట్లానే గడవనీ. ఈ గదిలో నువ్వు నర్సువి, నా మరదలివి కాదు."

సూది మందుకు వచ్చినప్పుడల్లా అక్కకు చెప్పమని ఆమె బతిమాలేది. ఆయన "చూద్దాంలే" అనేవాడు.

మనిషి చిక్కిపోసాగాడు. "పడవకి రంగు వెయ్యమంటే మంచమెక్కుతావేం? నీకు సోమరితనం ముదిరిందయ్యా!" అని పక్కింట్లోంచి అక్క కల్లిరోయి అరుపులు గోడ ఇవతలికి వినిపించేవి. ఇవాంథియా గిన్నెలు తోముతూ వింటూ ఉండేది.

ఒకరోజు కల్లిరోయి దవాఖానాకే వచ్చింది.

"ఏమైందే ఆయనకి?"

"బావనే అడగక్కా."

"అడిగితే కడుపులో మంటంటాడు. నువ్వు చెప్పు. మనం ఒక్క తల్లి కడుపున పుట్టలేదూ?"

"పుట్టాం. అయినా చెప్పలేను. ఎవరి గురించి అడిగినా ఇంతే."

"అబ్బో, పెద్ద దొరసానివి!" అని విసురుగా వెళ్లిపోయింది.

ఈస్టరు ఉపవాసాల్లో స్ట్రాటిస్ పడవ దగ్గరే కూలబడ్డాడు. పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ఆయనకు స్పృహ లేదు. ఉన్న మాట కల్లిరోయికి అక్కడి డాక్టరు చెప్పాడు. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.

ఖననమయ్యాక కల్లిరోయి చెల్లెలి వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నీకు తెలుసు."

"తెలుసక్కా."

"సోమరివి అన్నానే ఆయన్ని. చచ్చిపోతున్నవాణ్ని పట్టుకుని అన్నాను. గోడ పక్కనుంచి నువ్వు వింటూనే ఉన్నావు."

ఆ తిట్లే ఆయన కోరుకున్నాడన్న మాట ఇవాంథియా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అదీ ఆ గదిలో, ఆమెను నమ్మి అన్న మాటే. చెప్పుకోమని అనుమతి ఇవ్వాల్సినవాడు మట్టిలో ఉన్నాడు. చెప్పొచ్చో కూడదో తేల్చుకునే ఓపిక ఆమెలో మిగల్లేదు.

"ఏదైనా అనవే!"

"నిన్ను చూస్తే ఆయన మొహంలో కళ వచ్చేదక్కా. అది ఊరంతా చూసిందే" అంది చివరికి. ఆమె సొంతంగా చెప్పగలిగింది అంతే.

కల్లిరోయి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

బావ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకు ఇవాంథియా అక్క ఇంటికి వెళ్లింది. అక్క ఆమెకు కాఫీ ఇచ్చింది, పొరుగూరి నుంచి వచ్చినవాళ్లకు ఇచ్చినట్టు, "తీసుకోండి" అని. ఇవాంథియా తాగింది. మిగతా ఆడవాళ్లతో కలిసి కప్పులు కడిగింది. తలుపు దగ్గర కాసేపు ఆగి చూసి, ఎవరూ పిలవకపోతే ఇంటికి నడిచింది.