నేను చూడని ఇరవై మూడు గోల్స్

రాయగడ మైదానంలో లక్ష్మిప్రియ ఆడిన ప్రతి హాకీ ఆటకీ నేను వెళ్ళాను. మొన్న సెప్టెంబరు దాకా ఆమె కొట్టినవి ఇరవై మూడు గోల్స్. వాటిలో ఒక్కటీ నేను చూడలేదు.

దానికి కారణం నా భక్తి. మొదటిసారి ఆమె బంతి తీసుకుని గోలు మీదికి దూసుకెళ్తుంటే భయమేసి, కళ్ళు మూసుకుని మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మను తలుచుకున్నాను. గోలు వెనక చెక్కకి బంతి తగిలి ఠప్‌మంది. కళ్ళు తెరిస్తే అందరూ గెంతుతున్నారు. రెండోసారి కళ్ళు తెరిచే కూర్చున్నాను. బంతి బయటికి పోయింది. ఇంకేం రుజువు కావాలి? అప్పటినుంచి ఆమె గోలు దగ్గరికి రాగానే నా రెప్పలు వాలిపోయేవి. చెక్క చప్పుడు వినపడ్డాకే తెరిచేవాణ్ణి.

నేను మునిసిపాలిటీ పంపుహౌసులో ఆపరేటర్ని. లక్ష్మిప్రియ మా పక్క క్వార్టరు పిల్ల. టీకొట్టు దగ్గర ఎవరైనా ఆమె పరుగునీ మణికట్టునీ మెచ్చుకుంటే నేను గొంతు సవరించుకునేవాణ్ణి. "పిల్ల ఆడతాది, కాదన్ను. ఎనకాల సెయ్యాల్సిన పని కూడా ఒకటుంటాది" అనేవాణ్ణి. ఆ పని ఎవరు చేస్తున్నారని ఒక్కడూ అడగలేదు. అడుగుతారని టీ నెమ్మదిగా తాగేవాణ్ణి.

సెప్టెంబరులో రాష్ట్ర శిబిరానికి ఆడపిల్లల్ని ఎంచడానికి ఇద్దరు కోచ్‌లు వచ్చారు. ఆట పద్దెనిమిదిన. అది తప్పితే వచ్చే ఏటికి లక్ష్మిప్రియకి వయసు దాటిపోతుంది. నా బాధ్యత పెరిగిందనుకున్నాను.

పదిహేడున విశ్వకర్మ పూజ. ఆ రోజు తెల్లవారుజామునే ఊరికి నీళ్ళు వదిలేసి, పంపుహౌసులో పానాలూ సుత్తులూ అన్నీ దేవుడి ముందు పెడతాం. పెట్టిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన అయ్యేదాకా ఎవరూ ముట్టరు. పదహారు సాయంత్రం లక్ష్మిప్రియ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మీ, నీ హాకీ స్టిక్ ఒక్కరోజు ఇయ్యి. దేముడికాడ ఎడతాను."

"పద్దెనిమిది పొద్దున్నకి ఇచ్చేస్తావు కదా బాబాయ్?"

"ఇచ్చేస్తాను."

పెద్దవాళ్ళ మాట కాదనలేని పిల్ల. ఇచ్చింది. నేను దాన్ని పానాల మధ్య నిలబెట్టి, పిడికీ కొనకీ నూనె పట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టాను.

పూజయిన గంటకి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయ్, ఆట ఈయాలే అంట. సార్లు రేపు కోరాపుట్ ఎల్లిపోతారంట. స్టిక్ ఇయ్యి."

నేను తాతాజీ వైపు చూశాను. మా పంపుహౌసులో అందరికంటే పెద్దాయన; ఆయన మాటే మాట.

"దేముడికాడ ఎట్టింది తీస్తావేట్రా శంకరం?" అన్నాడు. "రేపు మోటారు కాలిపోతే ఊరికి నీళ్ళు నువ్వు మోస్తావా?"

"మోటారు కాదు కదా అన్నా. కర్రే కదా."

"ఎట్టింది ఎవుడు? ఎట్టినప్పుడు నన్నడిగేవేటి?"

నా చెయ్యి స్టిక్ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. లక్ష్మిప్రియ ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"ఉండనీ బాబాయ్. రీనాకాడ రెండోది ఉంది" అని వెళ్ళిపోయింది. రీనా వాళ్ళ జట్టు పిల్లే, బోరిగుమ్మ నుంచి వచ్చింది. లక్ష్మిప్రియ కంటే జానెడు పొట్టి.

ఇంట్లో నా భార్య వరహాలమ్మ అంతా విని, "ఇప్పుడేటి సేస్తావు?" అంది.

"అమ్మకి మొక్కుతాను."

"మొక్కే కదా ఇంతకాడికి తెచ్చేవు. పద, నేనూ వస్తాను."

ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాణ్ణి, ఆ రోజు చివర గొడుగు చాటున కూర్చున్నాను. అమ్మను ఏదైనా అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకని కళ్ళు మూసుకునే పని కూడా లేకపోయింది.

మొదటి సగంలో బంతి రెండుసార్లు ఆ పొట్టి స్టిక్ కిందనుంచి జారిపోయింది. కోచ్‌లలో ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రెండో సగంలో ఆమె నడుము ఇంకాస్త వంచింది. అంతే, స్టిక్ సరిపోయింది. ఎడమ పక్క బంతి అందుకుని కుడికి ఒరిగింది; అడ్డొచ్చిన పిల్ల కూడా కుడికే ఒరిగింది. అప్పటికి లక్ష్మిప్రియ ఎడమనుంచి దాటిపోయింది. బంతి ఆమె వెంట పెంపుడు కుక్కపిల్లలా వస్తోంది. గోల్‌కీపర్ పడింది. ఈమె ఆగింది, పడ్డదాని మీదుగా బంతిని నెమ్మదిగా లేపింది.

ఠప్.

ఆ చప్పుడు నాకు తెలుసు. దానికి ముందు ఇంత జరుగుతుందని తెలియదు.

ముందు కూర్చున్న రైల్వే ఆయన, "నేర్పితే వచ్చీది కాదురా అది" అంటున్నాడు. నేను గొంతు సవరించుకోలేదు. ఆమె ఇంకోటి కూడా కొట్టింది. సాయంత్రం చదివిన జాబితాలో రెండో పేరు ఆమెదే.

మర్నాడు ఉద్వాసన కాగానే స్టిక్ తీసుకెళ్ళి ఇచ్చాను. పట్టుకోగానే ఆమె చేతిలోంచి సర్రున జారి గచ్చు మీద పడింది.

"నూనె రాసేవా బాబాయ్?"

"నువ్వుల నూనె" అన్నాను.

"నిన్న దీంతో ఆడుంటే బంతి కంటే ముందు ఇదే గోల్లోకి ఎల్లిపోయీది."

శనగపిండితో రుద్ది ఇస్తానని స్టిక్ వెనక్కి తీసుకుని మా గుమ్మంలో కూర్చున్నాను. తాతాజీ నోటితో అడ్డుపడింది అమ్మేనా? అలాగైతే ఆవిడ ఆ పిల్లని కాపాడింది దేనినుంచి? నా పూజనుంచేనా? ఇది ఏ పంతులుగారిని అడగాలో తెలియలేదు.

లక్ష్మిప్రియ వచ్చి పక్కన కూర్చుంది. "నిన్న కళ్ళు తెరుసుకునే ఉన్నావంట. పిన్ని సెప్పింది. ఏటైనా కనిపించిందా?"

"కనిపించింది అమ్మీ. సాలా బాగుంది."

"మరి ముందు కొట్టినవి?"

పిండి ఇంకాస్త కావాలని నేను లోపలికి వెళ్ళాను.