లేచేది ఒక్కసారే

భర్త పరువు కోసం భార్య నోరు మూసుకుంటే ఆ మౌనం పుణ్యమా, పాపమా? పెళ్లయిన కొత్తలో పుట్టిన ఈ సందేహాన్ని ఆమె రోజూ ప్రార్థన చివర దేవుడి ముందుంచేది. ఆయనా మగవాడే కాబోలు, ఇన్నేళ్లయినా జవాబు చెప్పలేదు.

ఇవాళ ఆస్పత్రి వరండాలో ఆ సందేహం మళ్లీ ఎదురొచ్చింది. ప్రోస్టేట్ వాపుకు మందులు మొదలుపెట్టాక ఎంత గుణం కనిపించిందో రోగే అంకెల్లో చెప్పాలట. అంకె తగ్గితే జబ్బు తగ్గినట్టు. కళ్లజోడు మరిచిపోయిన భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, చెబుతుంటే ఆమె ఆస్పత్రివాళ్లిచ్చిన ప్రశ్నల కాగితం మీద రాస్తోంది.

"రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?" గొంతు తగ్గించి చదివింది.

"ఒకటని వెయ్యి."

"పోయినసారి ఐదు వేశాం కదండీ."

"అప్పుడు ఐదుసార్లు లేచాను. ఇప్పుడు లేచేది ఒక్కసారే. మళ్లీ పడుకుంటే కదా రెండోసారి లేవడానికి! నాకు లెక్కలు నేర్పకు."

లెక్క తప్పు కాదు. ఆమె భయమంతా అదే. పడుకున్న కాసేపటికే లేచి స్నానాలగదిలో పీట మీద కూర్చుంటాడు, తెల్లారాకే బయటికి వస్తాడు. తలుపు ఇవతల గోడకానుకుని ఆమె వింటూ ఉంటుంది. మొదట్లో ధార వినిపించేది, తర్వాత చుక్కలు. ఈమధ్య ఏ చప్పుడూ లేదు. కోడలు లేవకముందే, ఆయనకు తెలియకుండానే కారి తడిసిన బట్టలు ఉతికి, వంట చేసి, మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే, "పగలంతా నిద్రమొహమే! ఏం బరువులు మోస్తున్నావని?" అంటాడు. మీ కాళ్లు వాచాయంటే చెప్పులు బిగుతన్నాడు. పొత్తికడుపు రాయిలా ఉందంటే, "అంతా నీ వంట మహిమ" అన్నాడు.

చివరి ప్రశ్న: జీవితాంతం ఇలాగే గడపాల్సివస్తే మీకెలా ఉంటుంది?

ఆమె కలం ఆగింది. తననెవరూ ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"తృప్తిగా ఉంటుందని వెయ్యి. త్వరగా కానీ."

లోపల డాక్టరమ్మ అంకెలు కూడుకుని నవ్వింది. "మందు భలే పనిచేస్తోంది మాస్టారూ! ఇవే వాడండి. ఆర్నెల్ల తర్వాత కనబడండి."

ఆర్నెల్లు. ఆమె కళ్ల ముందు మూసిన స్నానాలగది తలుపు మెదిలింది. ఎంత కొట్టినా అవతలి నుంచి పలుకు లేదు.

తొలికాన్పులో తనకు రక్తం ఆగనప్పుడు మంచం పక్కన ఇదే మనిషి, "బాగానే ఉందండీ, మా ఆవిడ కాస్త సుకుమారం" అని డాక్టరును పంపించేశాడు. పరుగున పోయి డాక్టరును వెనక్కి పిలిచి, దుప్పటి ఎత్తి చూపించి, ప్రాణం నిలబెట్టింది ఒక ఆయా. నీ ఋణం ఎలా తీర్చుకోనని ఏడిస్తే, "నాకెందుకులే తల్లీ. ఇలా దాపరికంలో చచ్చేవాళ్లు కనబడితే నువ్వూ దుప్పటి ఎత్తు" అంది.

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆమె లేవలేదు.

"డాక్టరమ్మా, లేచేది ఒక్కసారే, నిజమే. కానీ మళ్లీ పడుకోరు. తెల్లారేదాకా కూర్చున్నా చుక్క రాదు."

"నోర్ముయ్! జబ్బు నాదా, నీదా?"

"జబ్బు మీదే. రాత్రి మాత్రం ఇద్దరిదీ."

డాక్టరమ్మ నవ్వు ఆరిపోయింది. "ఇలా పడుకోండి మాస్టారూ, కడుపు చూడాలి."

ఆయన బల్ల మీద పడుకుని చొక్కా అంచును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఇన్నేళ్లుగా ఆయాకు బాకీపడ్డ పని చేసింది. చొక్కా పైకెత్తింది.