మాట అక్కర్లేని ఆట

మంచిర్యాలలో ఉపేందర్‌రావుకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, మాటంటే మాటే. రెండు, పేకాటలో ప్యాక్ చేయడు. సిమెంటు బస్తా ధర పొద్దునొకటి, మాపటికొకటి చెప్పే మనిషి ఈ రెండింట్లో మాత్రం వెంట్రుకవాసి కదిలేవాడు కాదు. పెళ్లిళ్లలో ఫంక్షన్‌హాలు మేడమీద మగవాళ్లు గుండ్రంగా కూర్చుని తీన్‌పత్తా వేసేవాళ్లు. ముక్కలు బాగాలేకపోతే ఎవరైనా కింద పడేసి ‘ప్యాక్’ అని తప్పుకుంటారు. ఆయన తప్పుకునేవాడు కాదు. చేతిలో చెత్త ముక్కలున్నా షో దాకా పోయేవాడు, ఓడిపోయేవాడు, మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. మొండితనానికి పౌరుషమని పేరు పెట్టుకుని బతికే మగవాళ్లు మా వైపు బోలెడంత మంది. ఆయనొక్కణ్ణే అనడం న్యాయం కాదు.

ఆ మొండితనమే ఆరేళ్ల కింద కూతురు రచన మీద పడింది. రచన నస్పూర్ సీమోను కొడుకు స్టీఫెన్‌ను పెళ్లి చేసుకుంది. సీమోను బొగ్గుబావిలో పని చేసి రిటైరైన మనిషి, ఆదివారం చర్చి తప్పనివాడు, ఒకరి జోలికి పోనివాడు. అయితే ఏం? సంగతి తెలిసిన రోజు ఉపేందర్‌రావు దుకాణంలో గుమస్తా వెంకటి ముందు, నలుగురు గిరాకీల ముందు గట్టిగా అన్నాడు.

"నా పానం పోయేదాంక దానితోని మాట్లాడ. దాని పేరు నా నోట రాదు."

రాలేదు కూడా. ఆరేళ్లలో ఒక్కసారీ రాలేదు. పండుగకు ఫోన్ చేస్తే సరళాదేవి ఎత్తేది, భర్త వినేటట్టు గట్టిగా మాట్లాడేది. ఆయన టీవీ సౌండు పెంచేవాడు. రచనకు ఆడపిల్ల పుట్టి బ్లెస్సీ అని పేరు పెట్టుకున్నారని చెప్తే లేచి దుకాణానికి పోయాడు.

ఆ తర్వాత గొంతులో పుండు లేచింది. తంబాకు నమిలిన పుణ్యం. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం మిగిలింది, మాట పోయింది. రోగం మాత్రం పోలేదని, ఇంకో నాలుగైదు నెలలే ఉంటాడని డాక్టరు సరళాదేవిని పక్కకు పిలిచి చెప్పాడు.

రచన ఆదిలాబాద్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు మొదలైంది రచనకు అసలు బాధ. ఈ మనిషి తనతో మాట్లాడటం లేదా? మాట్లాడలేకపోతున్నాడా? నోరుంటే పిలిచేవాడా? ఆయన పోయేలోపు ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలనుకుంది. ఇంకేదీ అడగదలచుకోలేదు.

సరళాదేవి ఒక పలక, బలపాల డబ్బా కొనుక్కొచ్చింది. ఆయన దాని మీద ‘నీళ్లు’ అని రాసేవాడు, ‘ఫ్యాను బంద్’ అని రాసేవాడు. వెంకటి వస్తే సిమెంటు స్టాకు లెక్కలు కూడా అడిగేవాడు. రచనకు మాత్రం ఏదీ రాయలేదు. ఆమె మూడడుగుల దూరంలో టీ కలుపుతుంటే పలక భార్యకు చూపించేవాడు, ‘చక్కెర తక్కువేయమను’ అని. సరళాదేవికి ఒళ్లు మండేది.

"ఎదురుంగనే ఉన్నది గద! చెవిటిదా అది? నాకెందుకు జూపెడ్తవు?"

ఆయన చేత్తో పలక తుడిచేసేవాడు. అంతే.

పాత పేకాట దోస్తులు ఒకసారి వచ్చారు. వెంకటి, ఇంకో ఇద్దరు మంచం చుట్టూ కూర్చున్నారు. తీన్‌పత్తా నోటితో ఆడే ఆట. బ్లైండ్ అనాలి, చాల్ అనాలి, షో అనాలి. ఆయన సైగ చేసేలోపే వంతు దాటిపోయేది. పాపం వెంకటి సాయం చేయబోయి, ఆయన ఆలోచిస్తుంటే తొందరపడి "సారుది ప్యాక్" అన్నాడు. ఉపేందర్‌రావు ముక్కలు వెంకటి మొహాన కొట్టాడు. మళ్లీ ఆ ఇంట్లో పేకముక్క కదల్లేదు.

బ్లెస్సీని చూడటానికి ఆదిలాబాద్ పోయినప్పుడు, ఒక శనివారం రచన ఫోన్‌లో ఏదో చూస్తుంటే పోకర్ ఆట కనబడింది. బల్ల చుట్టూ మనుషులు, ఎవ్వరూ నోరు విప్పటం లేదు. ఒకడు వేళ్లతో బల్లను రెండుసార్లు తట్టాడు, వంతు పక్కవాడికి పోయింది. ఇంకొకడు ముక్కలు బోర్లా ముందుకు తోశాడు, ఆట వదులుకున్నాడు. మాట అవసరమే లేదు. రచన లేచి కూర్చుంది.

పేకలు స్టీఫెన్ కొనుక్కొచ్చాడు. సీమోను ఇంట్లో పేకముక్క అడుగుపెట్టిన చరిత్ర లేదు. స్టీఫెన్ ఆ కట్టను సారా సీసాలా చొక్కాలో దాచుకుని తెచ్చాడు.

"మా బాపుకు తెలిస్తే నాకోసం చర్చిల ప్రార్థన పెట్టిస్తడు" అన్నాడు. అని, వారం రోజులు సాయంత్రాలు ఆమెతో కూర్చుని ఆట నేర్చుకున్నాడు, ఆమెకు చేయి తిరగాలని. తనను గడప తొక్కనివ్వని మామ కోసం.

మంచిర్యాల వచ్చి రచన మంచం మీద ఇత్తడి తాంబాళం పెట్టింది. ఇద్దరికీ చెరి యాభై చింతగింజలు పోసింది. గోడ వైపు తిరిగిన వీపుకే ఆట చెప్పడం మొదలుపెట్టింది.

"బాపూ, చెరి రెండు ముక్కలు. మనయి మనమే చూసుకోవాలె. నడుమ మొదలు మూడు ముక్కలు పడ్తయి, ఎనుక ఒకటి, ఇంకొకటి. అవి ఇద్దరివి. మన రెండు, గా అయిదు కలుపుకుని మంచియి అయిదు ఏరుకునుడే. గింజలు పెంచాల్నంటే ముందటికి జరుపు. ఇప్పుడేం వద్దు, నీ వంతు అనాల్నంటే తాంబాళం తట్టు. వద్దనుకుంటే ముక్కలు పడేయి. నోటితోని పని లేదు."

వీపు కదల్లేదు. రచన ముక్కలు పంచింది. చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఎంత పౌరుషమున్నా పేకలు పంచిన చప్పుడు వింటే ఆగలేని రక్తం కదా, ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ముక్కలెత్తి చూశాడు. వేళ్లతో తాంబాళం తట్టాడు. టక్, టక్. ఆరేళ్ల తర్వాత తండ్రి ఆమెకు ఇచ్చిన మొదటి జవాబు అది. రచన తల వంచుకుంది, కళ్లు కనబడకుండా.

రోజూ నాలుగింటికి ఆట. మొదటివారం తగాదాలే. తీన్‌పత్తాలో వరుస ముక్కలు ఒకే రంగు ముక్కలకన్నా పెద్ద. పోకర్‌లో తలకిందులు, రంగే పెద్ద. ఆయన వరుస పరిచి గింజలు ఊడ్చుకోబోతే రచన చేయి అడ్డం పెట్టింది.

"నాది కలర్, బాపూ. ఇండ్ల కలరే పెద్దది."

ఆయన ఆమెను దొంగను చూసినట్టు చూశాడు. ఏది పెద్దదో, ఏది చిన్నదో ఆమె కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన ఆ కాగితం మీద వేలు పెట్టి కొట్టాడు, తల అడ్డంగా ఊపాడు, పలక తీసి భార్యకు రాసి చూపించాడు, ‘దీనికి ఆట రాదు’ అని. తన గురించి తండ్రి రాసిన మొదటి మాట అదని రచన ఆ రోజంతా నవ్వుతూ తిరిగింది. ఆ కాగితం ఆయన దిండు కిందికి చేరింది. అయినా ఆ నియమం రెండుసార్లు గుర్తుంచుకుంటే మూడోసారి మరిచిపోయేవాడు. నలభై ఏళ్ల అలవాటు మూడు వారాల్లో ఎక్కడ పోతుంది?

ఇంకొకటి అసలే నేర్చుకోలేదు. "గీ ఆటల మొదలు నేర్వాల్సింది పడేసుడే, బాపూ. పది ఆటలల్ల ఆరు పడేయాలె" అని రచన రోజూ చెప్పింది. ఆయన ఒక్కటీ పడేయలేదు. రెండూ ఏడూ లాంటి చెత్త ముక్కలు వచ్చినా చివరిదాకా వచ్చేవాడు. గింజలు అయిపోయేవి, సరళాదేవి వంటింటి డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తెచ్చి పోసేది.

ఒకరోజు రచన ముక్కలు కలుపుతూ కలుపుతూ అడిగేసింది. "నా మీద కోపం పోయిందా, బాపూ?"

ఆయన తాంబాళం తట్టాడు. టక్, టక్. అవునూ కాదు, కాదూ కాదు. ఇప్పటికి నేనేం అనను, నీ వంతు. ఆట తానే నేర్పింది, ఎవరినని ఏం లాభం?

మూడో వారానికి ఆయన బాగా చిక్కిపోయాడు. దిండ్లు పెట్టి కూర్చోబెడితే గానీ కూర్చోలేకపోయేవాడు. ఇక ఆగితే లాభం లేదని రచనకు తెలిసింది. ఆ రోజు ముక్కలు పంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"బాపూ, గీ ఒక్క ఆట గింజలకు కాదు. నువ్వు గెలిస్తే రేపే ఆదిలాబాద్ పోత, మల్ల నిన్ను పరేషాన్ చెయ్య. నేను గెలిస్తే పలక మీద నా పేరు రాయాలె. ఇంకేం రాయకు. పేరొక్కటే."

ఆయన చాలాసేపు ముక్కల వీపులు చూస్తూ ఉన్నాడు. తర్వాత కానియ్యమన్నట్టు తాంబాళం తట్టాడు.

నడుమ ముక్కలు పడ్డాయి. ఇస్పేటు అయిదు, డైమండు ఆరు, కళావరు ఏడు. తర్వాత ఇస్పేటు ఎనిమిది. చివర ఇస్పేటు జాకీ. రచన చేతిలో తొమ్మిది ఉంది. అయిదు నుంచి తొమ్మిది దాకా వరుస. గింజలన్నీ ముందుకు తోసింది.

ఉపేందర్‌రావు తన ముక్కలు మళ్లీ చూసుకున్నాడు. నడుమ ముక్కలు చూశాడు. తర్వాత కూతురి మొహం చూశాడు, ఇన్నేళ్లలో మొదటిసారి తిన్నగా, తడబడకుండా. రెండు ముక్కలూ బోర్లా తాంబాళంలో పెట్టి ఒక్క వేలితో ఆమె వైపు తోశాడు. దిండుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

పలక కోసం చూస్తే గదిలో లేదు. పప్పు నానబెట్టమని పొద్దున రాసిచ్చిన పలక వంటింట్లోనే ఉండిపోయింది. రచన పరుగెత్తి తెచ్చింది. ఆ కాస్తలోనే ఆయనకు దగ్గు ఎత్తుకుంది. మెడ దగ్గరి రంధ్రంలోంచి రక్తం బనీను మీదికి కారుతోంది. రచన చేతిలోంచి పలక జారిపడి మూల విరిగింది. కారులో వేసుకుని కరీంనగర్ పోతుంటే పెద్దపల్లి దాటకముందే, కూతురి ఒళ్లో తల పెట్టుకుని ఆయన పోయాడు.

కర్మలు అయ్యాక, చుట్టాలు పోయాక, రచన మంచం కింద ఊడ్వబోతే తాంబాళం తగిలింది. ఆ రోజు హడావుడిలో ఎవరో కిందికి తోసేశారు. ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పడేసిన ముక్కలు చూడకూడదనేది ఆట నియమం. రచన నేల మీద కూర్చుని తండ్రి తోసిన ఆ రెండింటినీ తిప్పింది. ఇస్పేటు రాజు, ఇస్పేటు మూడు. నడుమవి మూడు ఇస్పేటులు. అయిదూ ఒకే రంగు. ఆట ఆయనదే.

తెలిసి వదిలేశాడా? తన పేరు రాయాలనే వదిలేశాడా? లేక పాత ఆట లెక్కలో వరుసే పెద్దదనుకుని, కూతురి దగ్గర తొమ్మిది ఉంటుందని వదిలేశాడా? దిండు కింద కాగితం ఉంది కానీ ఆ ఘడియలో గుర్తుందో లేదో ఎవరు చెప్తారు? ఆరేళ్లు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడలేకపోయాడు. చివరికి ఇదీ తేల్చకుండానే పోయాడని ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

సరళాదేవి వచ్చి పక్కన కూలబడింది. రచన ముక్కలు చూపించి, రంగు ఏమిటో, వరుస ఏమిటో వెక్కుతూ చెప్పింది.

"గవన్ని నాకు తెల్వయి, బిడ్డా" అంది సరళాదేవి. "ముక్కలు ఆయననే కింద పెట్టిండా? తనంతల తానే?"

"పెట్టిండు, అవ్వా. నా దిక్కు నూకిండు."

"ప్యాక్ జేసిండా మీ బాపు?"

"చేసిండు."

సరళాదేవి ఆ రెండు ముక్కలను చేతిలోకి తీసుకుంది. "నలభై ఏండ్ల సంది జూస్తున్న" అంది. "చేతుల ఏం లేకున్నా పడేయలే. ఓడిపోతనని తెల్సి గూడ పడేయలే. ఊరంత నవ్వినా పడేయలే."

అప్పుడు రచనకు తట్టింది. గెలుస్తాననుకున్నా, ఓడతాననుకున్నా, ఆయన ముక్కలు కింద పెట్టే మనిషి కాదు. పెట్టాడు.

సరళాదేవి లేచిపోయి మూల విరిగిన పలక తెచ్చింది. బలపం తీసింది. బిడ్డ పేరు రాయబోయి మొదటి అక్షరం దగ్గరే చేయి ఆపింది.

"ఆయన రాయాల్సింది నేను రాస్తే ఎట్ల, బిడ్డా" అని బలపం కింద పెట్టేసి, పలక ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.